అడ్డం రాని గేదె

చాలా రోజులకు మళ్ళీ మీ ముందుకు వచ్చాను. ఛందస్సు మీదనో, ఏదైనా ప్రబంధఘట్టం మీదనో వ్రాసి ఉంటానని తలచి వచ్చినవారు క్షమించాలి. ఈసారి టపా ఒక స్కూటరును గూర్చి. స్కూటరు నెపంగా ఇటలీ దేశాన్ని గూర్చి, అక్కడి మోటారు పందేలను గూర్చి. ఆ పందేల నెపంగా నేనాడిన ఒక అబద్ధాన్ని గూర్చి.

గతమాసంలో ఒక యువకుడు మా ఇంటికి వచ్చాడు. పాత బండ్లను కొని, బాగుచేసి, మెరుగుపెట్టి అమ్మడం అతని వ్యాపకమట. మా పెరటి చావిడిలో పట్టా కప్పుకొని పడివున్న చేతక్ సంగతి ఎవరో చెప్పారట. పట్టా తొలగించి చుట్టూ తిరిగి చూశాడు. కుడివైపు ఇంజను మీది డొప్పకు అరచేతి వెడల్పున ఉన్న సొట్టను వ్రేలితో తడిమి, "ఇదెట్లా పడింది మాస్టారూ?" అని అడిగాడు.

"గేదె అడ్డం వచ్చింది బాబూ" అన్నాను.

ముప్పయ్యైదేళ్ళుగా అదే సమాధానం. ఆలోచన అక్కరలేకుండా నోరు తనంతట తానే పలికింది. అతడు వెళ్ళిపోయాక ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఏమంటే, ఆ గేదె ఎన్నడూ అడ్డం రాలేదు.

కథ మొదటినుండి చెప్పాలి. మొదలంటే మా ఊరు కాదు, ఇటలీలోని పొంతెదేరా అనే పట్టణం. పీసాకు దగ్గర. రెండవ ప్రపంచయుద్ధకాలంలో అక్కడ పియాజియో వారి విమానాల కర్మాగారం ఉండేది. బాంబర్లను తయారుచేసిన ఆ కర్మాగారమే బాంబుల పాలై శిథిలమైంది. యుద్ధం ముగిసేనాటికి విమానాలు కొనేవారు లేరు, వేలమంది పనివారికి పని లేదు, దేశంలో రోడ్లు గుంటలు పడ్డాయి, కార్లు కొనగల స్తోమత జనానికి లేదు. యజమాని ఎన్రికో పియాజియో సామాన్యుడు కొనగలిగిన చౌక వాహనమొకటి చేయాలనుకున్నాడు. మొదట చేయించిన నమూనా ఆయనకు నచ్చలేదు. దానికి పనివారు పెట్టిన పేరు 'పాపెరీనో'. డొనాల్డ్ డక్ అనే బాతు బొమ్మకు ఇటలీలో అదే పేరు.

అప్పుడా పనిని కొర్రాదీనో దాస్కానియో అనే ఇంజనీరుకు అప్పగించాడు. ఈయన హెలికాప్టరు స్వప్నంతో జీవితం గడిపిన మనిషి. 1930 అక్టోబరులో ఆయన నిర్మించిన హెలికాప్టరు రోము నగరం వద్ద 18 మీటర్ల ఎత్తుకు లేచింది, 8 నిమిషాల 45 సెకండ్లపాటు గాలిలో నిలిచింది. ఆనాటికవి ప్రపంచ రికార్డులు. ఆయనకు మోటారుసైకిళ్ళంటే ఏవగింపు. బట్టలకు నూనె మరకలు, కాళ్ళ మధ్య వేడి ఇంజను, చక్రం పంచరైతే అవస్థ. అందుచేత ఆయన మోటారుసైకిలును సంస్కరించే ప్రయత్నం చేయలేదు. దానిని పక్కనపెట్టి విమానం తెలిసినవాడు ఆలోచించినట్లు ఆలోచించాడు. ఇంజనును వెనుకచక్రం పక్కకు చేర్చి డొప్ప కప్పాడు. గొలుసు లేకుండా ఇంజను నుండి చక్రానికి నేరుగా శక్తి అందేట్లు చేశాడు. గేరును చేతిపిడికి తెచ్చాడు. ముందుచక్రాన్ని, విమానం దిగేటప్పుడు నేలను తాకే చక్రానికి ఉన్నట్లు, ఒకేవైపు నుండి ఒక కడ్డీతో పట్టి నిలిపాడు. చక్రం విప్పి మార్చడం దానివల్లనే అంత సులువైంది. కాళ్ళు పెట్టుకొనడానికి బల్లపరుపు చోటు విడిచాడు. చీర కట్టుకొన్న ఆడవారు కూర్చోవడానికైనా, పసివాడు ముందు నిలబడడానికైనా, బియ్యపు మూట పెట్టుకొనడానికైనా మన దేశంలో ఆ చోటు ఎట్లా అక్కరకు వచ్చిందో మీకందరికీ తెలుసు.

నమూనా చూసి, దాని సన్నని నడుమును, ఇంజను రొదను గమనించి పియాజియో గారు "అచ్చం కందిరీగలా ఉందే" అన్నారని ప్రతీతి. ఇటాలియనులో కందిరీగను 'వెస్పా' అంటారు. 1946 ఏప్రిల్ 23న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 98 సీసీల చిన్న ఇంజను, మూడు గేర్లు. పదేళ్ళు తిరిగేసరికి, 1956లో, పదిలక్షలవ వెస్పా తయారైంది. మబ్బులలో విహరించవలసిన విద్య సంతకు, బడికి, అత్తవారింటికి ఉపయోగపడింది. దాస్కానియో మాత్రం, లోకం తనను స్కూటరుతోనే గుర్తుపెట్టుకుంటుందని నొచ్చుకునేవాడని చెబుతారు.

కందిరీగకు పోటీ రావడానికి ఎంతోకాలం పట్టలేదు. మిలాను నగరంలో లాంబ్రాతె అనే పేట ఉంది. అక్కడ ఉక్కు గొట్టాలు చేసే ఇన్నొచెంతి గారి కర్మాగారం కూడా యుద్ధంలో దెబ్బతిన్నదే. 1947లో ఆయన లాంబ్రెటా స్కూటరును తెచ్చాడు. ఇక రెండు వర్గాలేర్పడ్డాయి. మన ప్రాంతంలో ఇద్దరు నటుల అభిమానులుండేవారే, అట్లాగే. రెండు సంస్థలూ వేగపు పందెంలోకి దిగాయి. 1951 ఫిబ్రవరిలో రోము-ఓస్టియా రహదారి మీద తారపీడో ఆకారపు వెస్పా ఒకటి గంటకు 171 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నది. అదే ఏడు ఆగస్టులో రొమోలో ఫెర్రి అనే చిన్నపాటి మనిషి, కవచం తొడిగిన లాంబ్రెటాతో జర్మనీలో 201 కిలోమీటర్ల వేగాన్ని సాధించాడు. రెండింటికీ ఇంజను 125 సీసీలే. సామాన్యుడు సంతకు పోవడానికని పుట్టిన బండికి ఆ వేగం దేనికి? ఈ ప్రశ్న నాకు 1990లో తట్టి ఉంటే బాగుండేది.

ఆ రెండు ఇటలీ బండ్లూ మన దేశానికీ వచ్చాయి. లాంబ్రెటాను బొంబాయిలో ఒక కంపెనీ చేసేది. తరువాత 1972లో ఇన్నొచెంతి వారి యంత్రసామగ్రిని కొని తెచ్చి లక్నోలో ప్రభుత్వ సంస్థ ఒకటి ఏర్పడింది. విజయ్ సూపర్ అనే బండి అక్కడినుండి వచ్చినదే. వెస్పాను 1960ల నుండి బజాజ్ వారు లైసెన్సు మీద తయారుచేశారు. 1971లో ఆ ఒప్పందం ముగిశాక, 1972లో అదే పోలికతో, రాణాప్రతాపుని గుఱ్ఱం పేరు పెట్టి చేతక్‌ను తెచ్చారు. బండికోసం ఏళ్ళతరబడి వేచివుండిన రోజులవి. కట్నపు జాబితాల్లో స్కూటరు బుకింగు కాగితం కూడా ఉండేది.

నేను 1988లో చేతక్ కొన్నాను. అప్పటికి మా జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. పెట్రోలులో కొలతగా ఆయిలు కలపడం, కదలనని మొరాయించినప్పుడు బండిని పక్కకు వంచి కిక్కు కొట్టడం, రిజర్వు మీటకోసం సీటు కింద తడుముకోవడం, ఇవన్నీ సంధిసూత్రాలంత శ్రద్ధగా నేర్చుకున్నాను. మా డ్రిల్లు మాస్టారికి విజయ్ సూపర్ ఉండేది. అంటే, మాకు తెలియకుండానే, పొంతెదేరా వారి మనుమడూ మిలాను వారి మనుమడూ మా బడి వేపచెట్టు కింద పక్కపక్కన నిలబడేవారు.

1990 ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం టౌను నుండి వస్తున్నాను. ఆరేళ్ళ మావాడు ముందు నిలబడి ఉన్నాడు. లాకుల దగ్గర డ్రిల్లు మాస్టారు కలిశాడు. "ఏం పంతులుగారూ, మీ బండి సీసపద్యం రాగం తీసినట్టు పోతుందే!" అన్నాడు. ఆయనకు ఎగతాళి సహజం, నాకు పౌరుషం సహజం. లాకుల నుండి మా ఊరి వంతెన దాకా మూడు కిలోమీటర్ల కాలువగట్టు. పందెమని ఎవరమూ అనలేదు. ఇద్దరమూ పిడి తిప్పాము. నేను ముందుకు వెళ్ళాను. మావాడు గాలికి కళ్ళు చిట్లించి "ఇంకా నాన్నా, ఇంకా!" అని అరుస్తున్నాడు. ఆ కేకను నేను బిడ్డ కేకగా వినలేదు, జయజయధ్వానంగా విన్నాను.

తూము దగ్గర మలుపులో ఇసుక ఉంది. స్కూటరుకు చక్రాలు చిన్నవి, ఇంజను బరువంతా ఒక పక్కనే. బండి కుడివైపుకు జారి పడింది. మావాడి కనుబొమ పగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. చూపు దక్కింది. వైద్యుడు, "అర అంగుళం కిందికి తగిలి ఉంటే..." అని ఆగిపోయాడు.

ఇంటికి వచ్చాక మా శ్రీమతి అడిగింది. "గేదె అడ్డం వచ్చింది" అన్నాను. ఆ గట్టుమీద గేదెలు మేపుకునే పెద్దాయన మా వీధి చివరే ఉండేవాడు. తెల్లవారి ఆమె వారింటికి వెళ్ళి నాలుగు మాటలు గట్టిగా అనివచ్చింది. ఆయన ఎదురు చెప్పలేదు. ఆ సాయంత్రం చెంబుతో పాలు తెచ్చి గుమ్మంలో నిలబడి, "మాదే అయ్యుంటదమ్మా. పంతులుగారు అబద్ధమాడతారా?" అన్నాడు. పది రోజులు పాలు పోశాడు, డబ్బు పుచ్చుకోలేదు. నేను లోపల గదిలో కూర్చొని ఆ మాటలు వింటూనే ఉన్నాను. ఆ వారమే ఆరవ తరగతి పిల్లలకు ఆవు-పులి కథ చెప్పాను. ఆడినమాట తప్పని ఆవు కథ. అనంతామాత్యుని భోజరాజీయములోనిదని చెప్పి, సత్యవాక్యమహిమను వివరించి, పిల్లలచేత వ్యాసం వ్రాయించాను.

ఇక 2019. నేను పదవీవిరమణ చేసిన మరుసటి ఏడు. మావాడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. శ్రీమతి మనుమరాలి దగ్గర ఉండిపోగా, మేమిద్దరమే కారులో ఇటలీకి వెళ్ళాము. మొదట పొంతెదేరా చూశాము. పియాజియో వారి ప్రదర్శనశాలలో మొదటితరం వెస్పా ముందు నిలబడితే నాకు చుట్టాల ఇంటికి వచ్చినట్లనిపించింది. ముందుచక్రాన్ని పట్టిన ఆ ఒంటికడ్డీని చూసి, "ఇది మన బండికీ ఇట్లాగే ఉందిరా" అని మావాడికి పదిసార్లు చెప్పాను.

తరువాత మరనెల్లో వెళ్ళాము. అది ఫెరారీ ఊరు. ఎంజో ఫెరారీ పేరుతో మొదటి కారు 125 ఎస్ ఆ కర్మాగారం ద్వారం దాటి బయటకు వచ్చింది 1947 మార్చి 12న. కేవలం ఒకటిన్నర లీటరు ఇంజనులో పన్నెండు సిలిండర్లు. మే 11న పియచెంజాలో మొదటి పందెంలో ముందంజలో ఉండి కూడా మధ్యలో ఆగిపోయింది. రెండు వారాలకు రోములో గెలిచింది. యుద్ధంలో ఓడి, తిండికి వెదుక్కుంటున్న దేశానికి ఆ ఎఱ్ఱకారు ఏమిటో మావాడు చెబుతుంటే నాకు అర్థమైంది. ఒకటి బ్రతకడానికి చేసిన బండి, రెండవది తలెత్తుకోవడానికి చేసిన బండి. రెండూ ఒకే ఆకలినుండి పుట్టాయి.

మిల్లె మిల్యా అనే పందెం ఉండేది. అంటే వేయి మైళ్ళు. బ్రెషా నగరంలో మొదలై, రోము దాకా పోయి, తిరిగి బ్రెషా చేరాలి. ప్రత్యేకమైన బాట ఏదీ లేదు. ఊళ్ళ మధ్యనుండి, ఇళ్ళ గుమ్మాల ముందునుండి, జనం నడిచే రోడ్ల మీదనే. 1927లో ఆరంభమైంది. యుద్ధం తరువాత 1947లో తిరిగి మొదలుపెట్టారు. ఆ పందేల వీరుడు తాజియో నువొలారి. 1946లో తూరినులో నడిపే చక్రం ఊడి చేతికి వస్తే, దాన్ని జనానికి ఊపి చూపుతూ కారును నడిపాడట. రథచక్రం చేతబట్టిన అభిమన్యుడు నాకు జ్ఞాపకం వచ్చాడు. కొడుకులిద్దరినీ యుక్తవయసులోనే పోగొట్టుకొని, ఊపిరితిత్తులు చెడిపోయి కూడా, 1948లో ఏభైయైదేళ్ళ వయసులో ఫెరారీ ఎక్కి వేయిమైళ్ళ పందెంలో అందరికన్నా ముందున్నాడు. బానెట్టు ఎగిరిపోయింది, మడ్‌గార్డు ఊడింది. చివరకు కారే కూలబడితే దిగాడు. 1953లో మంచం మీద కన్నుమూశాడు.

అల్బెర్తో అస్కారి కథ మరొక తీరు. 1952, 1953 సంవత్సరాలలో ఫెరారీ మీద ప్రపంచవిజేత. 1955 మే 22న మొనాకోలో ఆయన కారు సముద్రంలో పడింది, ఈది బయటపడ్డాడు. నాలుగురోజులకు మోంజాలో, మిత్రుడి కారును, మిత్రుడి శిరస్త్రాణంతో, సరదాకు నడుపబోయి మరణించాడు. తండ్రి ఆంతోనియో కూడా పందెంలోనే, 1925 జూలై 26న పోయాడు. కొడుకు పోయింది మే 26న. ఇద్దరికీ ముప్పయ్యారేళ్ళే. ప్రమాదానికి కారణం తేలలేదు. ఇరవయ్యారవ తేదీ అన్నారు, అరువు శిరస్త్రాణం అన్నారు. ఎవరో పనివాడు బాటకు అడ్డంగా నడిచి ఉంటాడని కూడా కొందరన్నారు. ఈ చివరిమాట మావాడు చదివి వినిపించినప్పుడు నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

నువొలారి మరణానంతరం, ఆయన గౌరవార్థం, 1954 నుండి పందెపు దారిని ఆయన సొంతగడ్డ మాంటోవా మీదుగా మళ్ళించారు. ఆ దారిలోనే, మాంటోవాకూ బ్రెషాకూ నడుమ, గుయిదిజోలో అనే ఊరుంది. 1957 మే 12న ఆ ఊరి దాపున తిన్నని రోడ్డు మీద, ఇరవయ్యెనిమిదేళ్ళ స్పెయిను యువకుడు ఆల్ఫోన్సో దె పోర్తాగో నడుపుతున్న ఫెరారీ, సుమారు 250 కిలోమీటర్ల వేగంలో టైరు పేలి జనం మీదికి దూకింది. అతడూ, పక్కన కూర్చున్న ఎడ్మండ్ నెల్సనూ, చూడడానికి నిలబడిన తొమ్మిదిమందీ మరణించారు. ఆ తొమ్మిదిమందిలో అయిదుగురు పిల్లలు.

మేము అక్కడ కారు ఆపాము. రోడ్డు పక్కన స్మారకచిహ్నం ఉంది. చుట్టూ పొలాలు. మలుపు లేదు, ఇసుక లేదు. మా కాలువగట్టు కన్నా వేయిరెట్లు మంచి రోడ్డు. ఆ తరువాత జరిగింది మావాడు చెప్పాడు. టైరుదే తప్పన్నారు. రోడ్డు మధ్య గుర్తుగా పాతిన బిళ్ళ తగిలి పేలిందన్నారు. బొలోన్యాలో చక్రం బాగాలేదని తెలిసి కూడా, కాలహరణమవుతుందని మార్చకుండా సాగాడన్నారు. ఎంజో ఫెరారీ మీద, టైర్ల కంపెనీ మీద కేసు పెట్టారు. అంతకు క్రిందటి ఏడే ఇరవైనాలుగేళ్ళ కొడుకును వ్యాధికి పోగొట్టుకొన్న తండ్రి ఆయన. 1961లో నిర్దోషులని తేల్చారు. ఆ పందెం మాత్రం ఆ పిల్లలతో ఆగిపోయింది. ఆనాటి విజేత పియెరో తరూఫి, గెలిస్తే పందేలు మానుతానని భార్యకిచ్చిన మాట నిలబెట్టుకొని మళ్ళీ పోటీకి దిగలేదు.

నేను చాలాసేపు మాట్లాడలేదు. టైరు నిజమే కావచ్చు, బిళ్ళ నిజమే కావచ్చు. ఐతే పిల్లలు నిలబడే చోట అంత వేగం దేనికని అడగవలసిన ప్రశ్నను అందరూ ముప్పయ్యేళ్ళు దాటవేశారు. దాటవేయడానికి ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వస్తుంది.

అప్పుడు మావాడు, కనుబొమ మీది మచ్చను వ్రేలితో రాసుకుంటూ, మెల్లగా అన్నాడు. "నాన్నా, ఆ రోజు గేదె లేదు కదా."

ముప్పయ్యేళ్ళ క్రిందటి సంగతి. "నీకు జ్ఞాపకముందా?" అన్నాను.

"అన్నీ జ్ఞాపకమే. ఇంకా ఇంకా అని అరిచింది నేనే కదా. నావల్లే పడ్డామనుకొని చాలా ఏళ్ళు భయపడ్డాను. మీరు గేదె అన్నారు. నన్ను కాపాడడానికే అన్నారనుకున్నాను."

ఆ మాటకు నాదగ్గర సమాధానం లేదు. నన్ను నేను కాపాడుకొనడానికి ఆడిన అబద్ధం, బిడ్డకు నా ఔదార్యంగా కనిపించింది. అక్కడే, ఆ రోడ్డు పక్కనే, తప్పు నాదని వాడికి చెప్పాను. గేదెల పెద్దాయనకు చెప్పడానికి వీలులేదు. ఆయన 2011లోనే పోయాడు.

వాడికి చెప్పానన్న తృప్తితో మిగిలినది వాయిదా వేశాను. ఇన్నేళ్ళకు ఆ పాతబండ్ల కుర్రవాడు అడిగేసరికి నోరు మళ్ళీ గేదె అన్నది. మరునాడు ఆ పెద్దాయన భార్య దగ్గరకు వెళ్ళాను. ఎనభై దాటింది, అరుగు మీద కూర్చొని చింతకాయలు వలుస్తున్నది. అంతా చెప్పాను. ఆమెకు మొదట ఏమీ జ్ఞాపకం రాలేదు. తరువాత వచ్చింది.

"ఆ గేదెను ఆ నెలలోనే అమ్మేశాడయ్యా" అన్నది. "పిల్లలున్న ఊళ్ళో ఇట్లాంటి పశువు తగదన్నాడు. మంచి పాడిగేదె. పూటకు నాలుగు లీటర్లిచ్చేది."

నేను జేబులోనుండి డబ్బు తీశాను. ఆమె చింతకాయల చెయ్యి అడ్డంపెట్టి, "ఇప్పుడెందుకయ్యా, లోపల పెట్టుకో" అన్నది. ఆపైన, "మీవాడు బాగున్నాడా?" అని అడిగింది.

ఇంటికి వచ్చి శ్రీమతికి చెప్పాను. ఆమె నన్నేమీ అనలేదు. ఆ మరునాడు ఒక పాత్రలో ఏదో వండి ఆ ఇంటికి తీసుకువెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

పాతబండ్ల కుర్రవాడు మొన్న ఫోను చేశాడు. బండి ఇస్తానన్నాను. సొట్ట తీయించి రంగు వేయిస్తానన్నాడు. "తీయిస్తే తీయించు. ఎవరైనా అడిగితే మాత్రం గేదె అని చెప్పకు. పంతులుగారు పిల్లవాణ్ణి ముందు నిలబెట్టుకొని పందెం వేశారని చెప్పు" అన్నాను. అతడు నవ్వాడు, హాస్యమనుకొన్నాడు కాబోలు.

మీకైనా అట్లా అనిపించకూడదని ఇంత వ్రాశాను.

స్వస్తి.